పదహారు పక్కన ఒకటి: బస్తర్ బడి పుస్తకం వెనుక పేజీల లెక్క

మధ్యలో రెండు పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకం ఇంట్లో ఏదైనా ఉందేమో చూడండి. పిల్లల కథల పుస్తకమైనా సరే, దేవుడి స్తోత్రాల పుస్తకమైనా సరే. ఆ పిన్నులు మెల్లగా విప్పి, అన్నింటికన్నా పైనున్న కాగితాన్ని బల్ల మీద పరిస్తే ఒక వింత కనిపిస్తుంది. అది 16 పేజీల పుస్తకమైతే కాగితం కుడి సగంలో 1వ పేజీ, ఎడమ సగంలో 16వ పేజీ ఉంటాయి. కాగితాన్ని తిప్పితే ఎడమవైపు 2, కుడివైపు 15. చదివేటప్పుడు మొదట వచ్చేది, చివర వచ్చేది అచ్చులో మాత్రం పక్కపక్కనే కూర్చున్నాయి.

చదివే వరుస వేరు, అచ్చువేసే వరుస వేరు. ఒకదాని నుంచి మరొకదానికి పేజీలను మార్చే పనిని వందల ఏళ్లపాటు ప్రెస్సులో అనుభవం ఉన్న పనివాళ్లు చేసేవారు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక్క వరుస ఆదేశం టైపు చేస్తే క్షణాల్లో అయిపోతుంది. ఇది చిన్న సౌకర్యంలాగే కనిపిస్తుంది. అచ్చువేసే మనిషికి పుస్తకంలోని భాష రానప్పుడు, ఆ పుస్తకం చదవబోయే పిల్లల భాషలో బడి పుస్తకాలే అరుదైనప్పుడు ఈ లెక్కకు విలువ పెరుగుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అలాంటి చోటు.

మాట ఉంది, పుస్తకం తక్కువ

బస్తర్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది అడవి, ఇంద్రావతి నది, చిత్రకోట జలపాతం. భాషల విషయంలోనూ అది సంపన్నమైన ప్రాంతమే. గోండి, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ వంటి భాషలు అక్కడ ఇళ్లలో, సంతల్లో వినిపిస్తాయి. వీటిలో గోండి, ధుర్వా, దోర్లీ తెలుగులాగే ద్రావిడ కుటుంబానికి చెందినవి. శబరి నది ఒడ్డున తెలుగు నేలను ఆనుకుని ఉన్న కుంట ప్రాంతపు దోర్లీలో తెలుగు మాటలు బాగా కలిసిపోయాయి. బస్తర్ నుంచి వలస వచ్చి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల ఇళ్లలోనూ ఈ కుటుంబపు మాటే ఉంది.

2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా ఉన్నవారు దాదాపు 29.8 లక్షల మంది. వీరు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఒడిశా తదితర రాష్ట్రాల్లో పరచుకుని ఉన్నారు. ఏ రాష్ట్రంలోనూ అధిక సంఖ్యాకులు కారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండికి చోటు లేదు. అందుకే ఇంతమంది మాట్లాడే భాషలో అచ్చయిన పుస్తకాలు చాలా తక్కువ. రాసే లిపి కూడా ఒకటి కాదు. బస్తర్‌లో ఎక్కువగా దేవనాగరిలో రాస్తే, తెలంగాణ వైపు తెలుగు లిపిలో రాస్తారు. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారామ్ రూపొందించిన లిపి ఒకటి ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపి మరొకటి. దాన్ని వెలుగులోకి తేవడంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు కృషి ఉంది. మసారామ్ లిపికి 2017లో, గుంజాల లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు కొన్ని జరిగాయి. బీబీసీలో పాత్రికేయుడిగా పనిచేసిన శుభ్రాంశు చౌదరి 2010లో ‘సీజీనెట్ స్వర’ అనే వేదికను మొదలుపెట్టారు. మామూలు ఫోన్ నుంచి మాట్లాడి తమ ఊరి వార్తను రికార్డు చేయడానికి, ఇతరుల వార్తలు వినడానికి అది వీలు కల్పించింది. నెట్ అందని ఊళ్లలో ఆ రికార్డులను ఫోన్ నుంచి ఫోన్‌కు బ్లూటూత్‌తో పంచుకునే పద్ధతికి ‘బుల్టూ రేడియో’ అని పేరు పడింది. ఆ తర్వాత సీజీనెట్ స్వర, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు కలిసి గోండి నిఘంటువు, ఫోన్ యాప్, పిల్లల కథల అనువాదాల మీద పనిచేశారు. 2020లో వెలువడిన పరిశోధన పత్రం ప్రకారం ఈ పనిలో 12,000కు కొంచెం తక్కువగా అనువాద పదాలు, వాక్యాలు పోగయ్యాయి. ముందు ముందు అనువాదాలకు సాయపడగల 650 మందికి పైగా గోండులను గుర్తించారు. ప్రథమ్ బుక్స్ సంస్థ నడిపే ‘స్టోరీవీవర్’ వేదికలో గోండి కథల పుస్తకాలు చేరాయి. క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద ఉన్న ఈ పుస్తకాలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు.

అంటే కథ తయారైంది, ఫైలు తయారైంది. ఇక మిగిలింది ఆ ఫైలు కాగితం మీదికి ఎక్కి, పుస్తకంగా మారి, బడిలో పిల్లవాడి చేతికి చేరడం. చివరి అడుగు ఇదే. సిగ్నల్ లేని ఊళ్లో, తెర మీద పుస్తకం చదివే వీలు లేని ఆశ్రమ పాఠశాలలో కాగితానికి మించిన దారి లేదు.

నాలుగో వంతు కాగితం

ఒక లెక్క వేద్దాం. 16 పేజీల కథల పుస్తకం పీడీఎఫ్ ఫైలుగా ఉంది. తరగతిలో 30 మంది పిల్లలు. ఫైలును తెరిచి ‘ప్రింట్’ నొక్కితే ఒక్కో ఏ4 కాగితం మీద ఒక్కో పేజీ వస్తుంది. ఒక ప్రతికి 16 కాగితాలు, 30 ప్రతులకు 480. దాదాపు ఒక రీము ఖర్చయిపోతుంది. వచ్చింది పుస్తకం కూడా కాదు, మూలన పిన్ను కొట్టిన కాగితాల బొత్తి. వారం తిరిగేసరికి మొదటి, చివరి పేజీలు ఊడిపోతాయి.

అదే ఒక్కో కాగితానికి రెండు వైపులా, వైపుకు రెండేసి పేజీల చొప్పున అచ్చువేస్తే కాగితానికి నాలుగు పేజీలు పడతాయి. ఒక ప్రతికి 4 కాగితాలు, 30 ప్రతులకు 120. నడిమికి మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే ఏ5 సైజు పుస్తకం సిద్ధం. మన ప్రెస్సుల్లో సెంటర్ పిన్నింగ్ అనే పని ఇదే.

ఏ4 కాగితం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. దాని కొలత 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. పొడవును వెడల్పుతో భాగిస్తే వచ్చేది సుమారు 1.414, అంటే 2 వర్గమూలం. ఈ నిష్పత్తి ఉన్న కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చే ముక్కకూ అదే నిష్పత్తి ఉంటుంది. ఇంకే నిష్పత్తికీ ఈ గుణం లేదు. జర్మన్ శాస్త్రవేత్త లిక్టెన్‌బర్గ్ 1786లో రాసిన ఉత్తరంలో ఈ సంగతిని ప్రస్తావించాడు. అందుకే ఏ4 పేజీని ఏ5లోకి కుదించినప్పుడు బొమ్మ సాగదు, నొక్కుకుపోదు. పొడవూ వెడల్పూ సమానంగా 71 శాతానికి తగ్గుతాయి.

అసలు చిక్కు వరుసలో వస్తుంది. 16 పేజీలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చో లెక్కిస్తే వచ్చే సంఖ్య దాదాపు 21 లక్షల కోట్లు. పుస్తకంగా మడిచినప్పుడు కథ వరుసగా సాగేలా చేసే అమరిక వాటిలో ఒక్కటే. అదృష్టవశాత్తూ దాన్ని వెతకనక్కర్లేదు. దానికి చాలా సులువైన సూత్రం ఉంది.

మొత్తం ఎప్పుడూ ఒకటే

మొదట చెప్పుకున్న కాగితాన్ని మళ్లీ చూడండి. ఒకవైపు 16, 1. కలిపితే 17. వెనక 2, 15. మళ్లీ 17. రెండో కాగితం మీద 14, 3. వెనక 4, 13. మూడో దాని మీద 12, 5; వెనక 6, 11. అన్నింటికన్నా లోపలి కాగితం మీద 10, 7. వెనక 8, 9. ఎక్కడ కలిపినా 17 వస్తుంది. మొత్తం పేజీలకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్య అది.

కారణం మడతలోనే ఉంది. పుస్తకాన్ని మధ్యకు తెరిస్తే 8, 9 ఎదురెదురుగా ఉంటాయి. అక్కడి నుంచి ఎడమకు ఒక పేజీ వెనక్కి వెళితే, అదే కాగితపు కుడి సగంలో ఒక పేజీ ముందుకు వెళ్తాం. ఒకటి తగ్గితే ఒకటి పెరుగుతుంది. కాబట్టి మొత్తం మారదు.

ఇంకో రెండు నియమాలూ ఇందులోంచే పుడతాయి. విప్పిన కాగితం ఏ వైపు చూసినా ఎడమ సగంలో సరి సంఖ్య, కుడి సగంలో బేసి సంఖ్య ఉంటాయి. ఏ బేసి పేజీ వెనకైనా దాని తర్వాతి సంఖ్యే ఉంటుంది. 1 వెనక 2, 3 వెనక 4, అలా. ఈ మూడూ సరిపోతే ఆ కాగితం సరైనదే.

ఒక కాగితానికి నాలుగు పేజీలు పడతాయి కాబట్టి మొత్తం పేజీలు నాలుగుతో భాగింపబడాలి. పుస్తకం 18 పేజీలదైతే రెండు ఖాళీ పేజీలు చేర్చి 20 చేయాలి. అప్పుడు మొత్తం 21 అవుతుంది. ఆ ఖాళీ పేజీలను ఎక్కడ చేర్చాలన్నదీ ఆలోచించాల్సిన విషయమే. చివర చేర్చితే వెనక అట్ట బొమ్మ లోపలికి జరిగిపోయి, పుస్తకం వీపు తెల్లగా మిగులుతుంది. వెనక అట్టకు ముందు చేర్చడమే మంచిది.

చదవలేని అచ్చు పనివాడి కోసం

ఈ సమస్య కంప్యూటర్‌తో పుట్టింది కాదు. ప్రెస్సులో పెద్ద కాగితం మీద ఒకేసారి ఎనిమిదో పదహారో పేజీలు అచ్చువేసి, మడిచి, అంచులు కోసి పుస్తకం చేయడం మొదటి నుంచీ ఉన్న పద్ధతే. మన ప్రెస్సుల్లో అలా మడిచిన కట్టను ‘ఫారం’ అంటారు. ‘ఈ పుస్తకం ఎన్ని ఫారాలు?’ అని అడిగితే ప్రెస్సువాళ్లు కాగితం ఎంత పడుతుందో వెంటనే చెప్పగలరు. పని మొదలుపెట్టే ముందు తెల్ల కాగితాన్ని మడిచి, పేజీలకు అంకెలు వేసి ‘డమ్మీ’ తయారు చేసుకోవడం ఇప్పటికీ ఉన్న అలవాటు.

పాత ఐరోపా పుస్తకాల్లో ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. మొదటి కట్టకు ఏ, రెండో కట్టకు బీ, అలా. పేజీ చివర తర్వాతి పేజీలోని మొదటి మాటను కూడా విడిగా అచ్చువేసేవారు. ఇవి పాఠకుడి కోసం పెట్టినవి కావు. బైండింగు చేసే మనిషి లోపలి విషయం చదవకుండానే, ఆ భాష రాకపోయినా కట్టలను వరుసలో పేర్చడానికి పెట్టుకున్న ఆనవాళ్లు.

బస్తర్ పుస్తకానికి సరిగ్గా అదే అవసరం. జగదల్‌పుర్‌లోనో, ఇటు భద్రాచలంలోనో జిరాక్స్ షాపులో కూర్చున్న ఆపరేటర్‌కు హిందీయో తెలుగో వచ్చి ఉండవచ్చు. గోండి వస్తుందని అనుకోలేం. తెలుగు పుస్తకంలో 5వ పేజీ తర్వాత 12వ పేజీ వస్తే చూడగానే ‘కథ తెగింది’ అని అతను పట్టేస్తాడు. తెలియని భాషలో అలా పట్టలేడు. తప్పు బయటపడేది ఆ పుస్తకం తరగతి గదిలో తెరిచినప్పుడే. ఇంటి భాషలో మొదటిసారి పుస్తకం చూస్తున్న పిల్లకు అది అచ్చు తప్పని తెలియదు. తనకే చదవడం రాలేదనుకుంటుంది. అందుకే భాషతో పని లేకుండా, అంకెలతో సరిచూసుకునే పద్ధతి కావాలి. మొత్తం ఒకటే రావాలన్న సూత్రం ఆ పని చేస్తుంది.

ఇందులో చిన్న మెలిక ఉంది. అట్టకు, లోపలి అట్టకు చాలా పుస్తకాల్లో అంకె వేయరు. ఫైలులో 3వ పేజీ మీద 1 అని అచ్చయి ఉండవచ్చు. అప్పుడు 16 పేజీల పుస్తకంలో పక్కపక్క అంకెల మొత్తం 17 కాకుండా 13 వస్తుంది. కంగారు పడనక్కర్లేదు. మొత్తం ఎంత అన్నదానికన్నా, అంకెలున్న అన్ని వైపులా అదే మొత్తం రావడం ముఖ్యం.

ఒక వరుస ఆదేశం

కంప్యూటర్‌లో ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. అడోబ్ సంస్థ 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషను తెచ్చింది. పేజీ మీద ఏ అక్షరం ఎక్కడ, ఎంత సైజులో పడాలో ప్రింటర్‌కు చెప్పే భాష అది. ఆ ఫైళ్లలో ఒక్కో పేజీ ఎక్కడ మొదలవుతుందో తెలిపే గుర్తులు ఉంటాయి. ఆ గుర్తుల ఆధారంగా పేజీలను కత్తిరించి, మరో వరుసలో అతికించే చిన్న చిన్న ప్రోగ్రాములను 1990ల తొలినాళ్లలో యాంగస్ డగ్గన్ రాశాడు. వాటి కట్టకు ‘పీఎస్‌యుటిల్స్’ అని పేరు.

ఆ కట్టలో ఒక్కో పనిముట్టు ఒక్కో పనే చేస్తుంది. ‘పీఎస్‌బుక్’ పేజీల వరుస మారుస్తుంది. 16 పేజీల ఫైలు ఇస్తే 16, 1, 2, 15, 14, 3, 4, 13 అంటూ పేర్చి ఇస్తుంది. పేజీలు నాలుగుతో భాగింపబడకపోతే ఖాళీ పేజీలు తానే చేరుస్తుంది. ‘పీఎస్‌నప్’ ఒక కాగితం మీద రెండో నాలుగో పేజీలను కుదించి పక్కపక్కన కూర్చోబెడుతుంది. ‘పీఎస్‌సెలెక్ట్’ కావలసిన పేజీలను మాత్రమే, అంటే బేసివి లేదా సరివి ఏరి ఇస్తుంది. కావలసిన చోట ఖాళీ పేజీ చేర్చడానికీ అది పనికొస్తుంది.

యూనిక్స్ వ్యవస్థలో 1973 నుంచి ‘పైపు’ అనే ఏర్పాటు ఉంది. ఒక ప్రోగ్రాము ఇచ్చిన ఫలితాన్ని నిలువు గీత ఒకటి పెట్టి నేరుగా మరో ప్రోగ్రాముకు అందించవచ్చు. పీఎస్‌బుక్ పక్కన నిలువు గీత, దాని పక్కన పీఎస్‌నప్. ఒకటి వరుస మారుస్తుంది, మరొకటి జంటలుగా అతికిస్తుంది. మొత్తం పని ఒక వరుసలో పూర్తవుతుంది.

ఇప్పుడు ఫైళ్లన్నీ దాదాపు పీడీఎఫ్‌లే. 1993లో వచ్చిన ఈ పద్ధతి 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. పీడీఎఫ్ ఫైలు లోపల పేజీలు ఒకదాని తర్వాత ఒకటిగా ఉండాల్సిన నియమం లేదు. ఏ పేజీ తర్వాత ఏది చూపాలో చెప్పే జాబితా ఒకటి విడిగా ఉంటుంది. వరుస మార్చాలంటే ఆ జాబితా మారిస్తే చాలు. పేజీలోని అక్షరాలను, బొమ్మలను ముట్టుకోవాల్సిన పని లేదు. జే బెర్కెన్‌బిల్ట్ రాసిన ‘క్యూపీడీఎఫ్’ చేసే పని ఇదే. గణాంక శాస్త్రవేత్త డేవిడ్ ఫర్త్ రాసిన ‘పీడీఎఫ్‌జామ్’కు పుస్తకం కావాలని చెబితే వరుస మార్చడం, రెండేసి పేజీలు అతికించడం రెండూ చేస్తుంది. పీఎస్‌యుటిల్స్‌ను ఇప్పుడు చూసుకుంటున్న రూబెన్ థామస్ దాన్ని పైథాన్‌లోకి మార్చారు. కొత్త వెర్షన్లు పీడీఎఫ్‌లను కూడా నేరుగా తీసుకుంటాయి. ఇవన్నీ ఉచితంగా దొరికే, ఎవరైనా మార్చుకోగల సాఫ్ట్‌వేర్లే.

పేజీ లోపలి భాగాన్ని ముట్టుకోకపోవడం గోండి పుస్తకానికి ఎంతో మేలు. గుంజాల లిపి ఫాంటు చాలా కంప్యూటర్లలో ఉండదు. ఆ ఫైలును వర్డ్‌లాంటి దాంట్లోకి మార్చి పేజీలు సర్దబోతే అక్షరాల చోట చదరపు డబ్బాలు మిగులుతాయి. ఫాంటును లోపలే ఇమిడ్చి చేసిన పీడీఎఫ్‌లో జాబితా మాత్రమే మారిస్తే అక్షరాలు చెక్కుచెదరవు. మామూలు లిపి అనుకునే దేవనాగరిలోనైనా, తెలుగులోనైనా గుణింతాలు, వత్తులు చెదరకుండా ఉండటానికి ఇదే సురక్షితమైన దారి.

మౌస్‌తో నొక్కే ప్రోగ్రాములు ఉండగా టైపు చేయడమెందుకన్న ప్రశ్న సహజమే. ఇలాంటి చోట్ల అందుకు కారణాలున్నాయి. ఈ పనిముట్లు పాత కంప్యూటర్లలోనూ నడుస్తాయి. ఒకసారి ఎక్కించుకున్నాక నెట్ అక్కర్లేదు, ఫైలును ఎవరి సర్వర్‌కో పంపనక్కర్లేదు. ఒక పుస్తకానికి రాసిన ఆదేశం చిన్న మార్పుతో వంద పుస్తకాలకూ పనికొస్తుంది. అన్నింటికన్నా ముఖ్యంగా ఆదేశం అంటే ఒక వాక్యం. దాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించవచ్చు, ఫోన్‌లో ఎస్సెమ్మెస్‌గా పంపవచ్చు. జగదల్‌పుర్‌లో సరిగ్గా వచ్చిన పుస్తకం, అదే వాక్యం టైపు చేస్తే కుంటలోనూ అదే వరుసలో వస్తుంది.

లెక్క సరైనా కాగితం తప్పవచ్చు

వరుస సరిగ్గా ఉన్నా పుస్తకం పాడయ్యే అవకాశాలు మరికొన్ని ఉన్నాయి.

మొదటిది, తిప్పే వైపు. రెండు వైపులా అచ్చువేసే ప్రింటర్‌లో కాగితాన్ని పొడవు అంచు మీదుగా తిప్పాలా, పొట్టి అంచు మీదుగా తిప్పాలా అని అడుగుతుంది. మామూలు పత్రాలకు పొడవు అంచు సరిపోతుంది. అడ్డంగా రెండేసి పేజీలున్న ఈ పుస్తకానికి మాత్రం పొట్టి అంచు కావాలి. లేదంటే వెనక పేజీలన్నీ తలకిందులుగా పడతాయి.

రెండోది, జంట కాగితం. ఒకవైపే అచ్చువేసే ప్రింటర్ అయితే ముందు వైపులన్నీ అచ్చువేసి, కాగితాలను తిప్పి పెట్టి, వెనక వైపులు వేయాలి. వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుంటుంది. అంచులు వంకర్లు పోతాయి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ప్రింటర్ ఒక్కచోట రెండు కాగితాలు కలిపి లాగిందంటే అక్కడి నుంచి ప్రతి ముందు వైపు వెనకా వేరే పేజీ పడుతుంది. అందుకే 30 ప్రతులూ ఒకేసారి వేయకూడదు. ముందు ఒక ప్రతి వేసి, మడిచి, అంకెలు కలిపి చూసుకోవాలి. తర్వాత కొద్ది ప్రతుల చొప్పున వేసుకుంటే తప్పు జరిగినా నష్టం కొద్ది కాగితాలతో పోతుంది.

మూడోది, లోపలి కాగితం బయటికి పొడుచుకు రావడం. మామూలు ఏ4 కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. నాలుగు కాగితాల పుస్తకంలో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. 64 పేజీల పుస్తకాన్ని ఒకే కట్టగా మడిస్తే 16 కాగితాలు ఒకదానిలో ఒకటి దూరతాయి. అన్నింటికన్నా లోపలిది పై దానికన్నా దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. అంచులు కోసి సమం చేస్తే లోపలి పేజీల పక్క ఖాళీ తగ్గి, అంచున వేసిన పేజీ అంకె కూడా తెగిపోవచ్చు. దీనికి మందు పాత ప్రెస్సుల దగ్గరే ఉంది: ఫారాలుగా విడగొట్టడం. పీఎస్‌బుక్‌కు ఫారం సైజు 16 అని చెబితే 64 పేజీలను నాలుగు ఫారాలుగా పేరుస్తుంది. అప్పుడు మొత్తాలు ఫారానికొకటి వస్తాయి. మొదటి దాంట్లో 17, రెండో దాంట్లో 49, మూడో దాంట్లో 81, నాలుగో దాంట్లో 113. ఒక ఫారం కాగితం మరో ఫారంలో కలిస్తే ఆ అంకె వెంటనే పట్టిస్తుంది.

నాలుగోది, అక్షరం సైజు. ఏ4 పేజీ ఏ5లోకి కుదిస్తే 14 పాయింట్ల అక్షరం సుమారు 10 పాయింట్లకు దిగుతుంది. పెద్దలకు అది చాలు. ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆరేళ్ల పిల్లకు చాలదు. వత్తులు, మాత్రలు ఉండే మన లిపుల్లో సన్నటి గీతలు ముందుగా మసకబారతాయి. ఇంకు తగ్గిన ప్రింటర్‌లో అయితే మరీను. కాగితం నాలుగో వంతుకు తగ్గిందని సంతోషించి పిల్లల చేతికి చదవలేని పుస్తకం ఇస్తే ఆదా చేసిందేమీ ఉండదు. మొదటి నుంచే ఏ5 కొలతకు పెద్ద అక్షరాలతో పేజీ దిద్దుకోవడం ఒక దారి. ఏ3 ప్రింటర్ దొరికితే, ఏ3 కాగితం మీద రెండు ఏ4 పేజీలు కుదించకుండానే పక్కపక్కన పడతాయి. వరుస లెక్క అదే, అక్షరం మాత్రం తగ్గదు.

పిల్లలకూ పనికొచ్చే లెక్క

జాతీయ విద్యావిధానం 2020 వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో, మాతృభాషలో బోధన ఉండాలని చెప్పింది. బస్తర్‌లో అది నిజం కావాలంటే భాష తెలిసిన ఉపాధ్యాయులు కావాలి, కథలు రాసేవాళ్లు కావాలి, వివిధ ప్రాంతాల గోండి మాటల మధ్య ఒప్పందం కుదరాలి. పేజీలు పేర్చే ఆదేశం ఆ పెద్ద పనుల్లో దేన్నీ చేయలేదు. కానీ ఆ పనులన్నీ పూర్తయి తయారైన పుస్తకం, చివరి అడుగులో తారుమారు కాకుండా చూడగలదు. వందల ప్రతులు ఒకేసారి వేసే ప్రెస్సుకు వెళ్లేంత డబ్బు లేని చోట, అవసరమైన 30 ప్రతులే అవసరమైన రోజున వేసుకునే వీలిస్తుంది.

ఈ లెక్కను తరగతిలోకీ తీసుకెళ్లవచ్చు. రెండు తెల్ల కాగితాలను ఒకదానిలో ఒకటి పెట్టి నడిమికి మడవమనండి. ఎనిమిది పేజీలకు పిల్లల చేతే 1 నుంచి 8 వరకు అంకెలు వేయించండి. కాగితాలు విప్పి, పక్కపక్క అంకెలు కలపమనండి. ఎక్కడ చూసినా 9 వస్తుంది. కూడికలు నేర్చుకుంటున్న పిల్లలకు అది ఆట. మడత వల్ల మొత్తం ఎందుకు మారదో తామే చెప్పగలిగితే ఒక గణిత నియమాన్ని తామే కనుక్కున్నట్టు. ఆ ఎనిమిది పేజీల్లో తమ అవ్వ చెప్పిన కథను తమ మాటలో రాస్తే అది గోండిలోనో, దోర్లీలోనో ఇంకొక పుస్తకం.

వాళ్ల చేతికి కొత్త కథల పుస్తకం వచ్చినప్పుడు దాన్ని సరిచూసే పని కూడా వాళ్లకే అప్పగించవచ్చు. పిన్నులు కొట్టే ముందు కాగితాలు పరిచి అంకెలు కలపడం, అన్ని వైపులా ఒకటే వచ్చిందా అని చూడటం. ఆపరేటర్‌కు రాని భాష వాళ్లకు వచ్చు కాబట్టి ఆ తర్వాత కథ చదివి కూడా సరిచూసుకుంటారు.